ఇంటర్నెట్టెక్కిన కాఫీ కూజా



ఈ మధ్య ఎలక్ట్రికల్ సామాను కొట్టుకి వెళితే "స్మార్ట్" అన్న మాట చెవిన పడకుండా బయటికి రావడం కష్టంగా వుంది. స్మార్ట్ ఫ్రిజ్, స్మార్ట్ గీజరు, స్మార్ట్ ఫాను, స్మార్ట్ బల్బు, ఆఖరికి తలుపుకి వేసే తాళం కూడా స్మార్టే. "అమ్మా, దీన్ని ఫోనుతోనే నడపొచ్చు" అంటాడు కౌంటరు దగ్గర కుర్రాడు. ఆ ఒక్క ముక్కతో దాని ఖరీదు ఓ మెట్టు పైకెక్కుతుంది. గీజరుకి ఇంటర్నెట్టుతో పనేమిటి, అది వుంటే మనకి ఒరిగేదేమిటి, పోయేదేమిటి అన్నది మాత్రం అతనూ చెప్పడు, మనమూ అడగం. ఇవాళ ఆ సంగతే కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

సైన్సు పాఠమేమో అని భయపడకండి. నిజానికి ఈ కథంతా మొదలైంది మనందరికీ బాగా తెలిసిన రెండు విషయాల దగ్గర: చల్లటి కూల్ డ్రింకు, వేడి వేడి కాఫీ.

అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే వూళ్ళో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వుంది. అక్కడ కంప్యూటర్ సైన్సు శాఖలో, మూడో అంతస్తులో, డబ్బులు వేస్తే కోకకోలా సీసా యిచ్చే మెషీను ఒకటి వుండేది. కొందరి గదులకీ దానికీ దూరం ఎక్కువ. పని ఆపుకుని అంత దూరం నడిచి వెళితే ఒక్కోసారి సీసాలు అయిపోయి వుండేవి. ఒక్కోసారి అప్పుడే నింపి వుండేవారేమో, వెచ్చటి సీసా చేతికొచ్చేది. వెచ్చటి కోక్ తాగడంకంటే మంచినీళ్ళు తాగడం నయం కదండీ!

1982లో అక్కడి వాళ్ళు నలుగురు కలిసి దీనికో వుపాయం పన్నారు. ఆ మెషీనుకి, ఏ వరసలో సీసాలు అయిపోయాయో చూపించే చిన్న దీపాలుండేవి. సీసా తీస్తే ఆ వరస దీపం ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది. సీసాలు పూర్తిగా అయిపోతే వెలిగే వుంటుంది. మళ్ళీ నింపితే ఆరుతుంది. ఆ దీపాల దగ్గర్నించి తీగలు లాగి కంప్యూటరుకి తగిలించారు. దాంతో ఎవరి గదిలో వాళ్ళు కూచుని, ఏ వరసలో సీసాలు వున్నాయి, అవి నింపి ఎంతసేపైంది అని తెలుసుకోవడం మొదలెట్టారు. నింపి మూడు గంటలు దాటితే "చల్లగా వుంది" అని తెర మీద కనిపించేది. అప్పటికి ఇంటర్నెట్ అన్న పేరు జనానికి తెలీదు. దానికి తల్లివంటి అర్పానెట్ అనే అల్లిక వుండేది. ప్రపంచం మొత్తం మీద దానికి కలిసి వున్న కంప్యూటర్లు మూడు వందలు కూడా లేవు. వాటిలో ఏ కంప్యూటరు ముందు కూచున్నా సరే, పిట్స్‌బర్గ్ మెషీనులో కోక్ చల్లబడిందో లేదో చూడొచ్చు. వెళ్ళి తాగడం కుదరదనుకోండి, అది వేరే సంగతి.

ఇహ కాఫీ సంగతి. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ ప్రయోగశాలలో, పరిశోధకులందరికీ కలిపి ఒకే ఒక్క కాఫీ మెషీను. అది ట్రోజన్ రూమ్ అనే గది దగ్గర వుండేది. కింద అంతస్తుల్లో పనిచేసేవాళ్ళు మెట్లెక్కి వచ్చేసరికి కూజా ఖాళీ. ఉమ్మడి కుటుంబంలో పుట్టిన మనకి యిది కొత్త బాధేమీ కాదు! డికాక్షను వున్నంతసేపూ అందరూ వస్తారు. ఫిల్టరు మళ్ళీ వెయ్యాల్సి వచ్చేసరికి ఎవరూ కనపడరు.

1991లో క్వెంటిన్ స్టాఫర్డ్ ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే యిద్దరు ఒక కెమెరా తెచ్చి ఆ కూజాకి ఎదురుగా పెట్టారు. ఆ బొమ్మ అందరి కంప్యూటర్ల మీదా ఓ మూలగా కనిపించేటట్టు ఏర్పాటు చేశారు. అటు 128 చుక్కలు, ఇటు 128 చుక్కలు వున్న చిన్న నలుపు తెలుపు బొమ్మ. నిమిషానికి మూడుసార్లు మారేది. కాఫీ వుందో లేదో తెలియడానికి అంతకంటే ఏం కావాలి? 1993 నవంబరులో ఆ బొమ్మని ప్రపంచంలో ఎవరైనా చూసే విధంగా ఇంటర్నెట్టులో పెట్టారు. అక్కణ్ణించి విచిత్రం మొదలైంది. ఆ వూరు కాదు, ఆ దేశం కాదు, లక్షల మంది ఆ కాఫీ కూజాని చూడ్డం మొదలెట్టారు. జపాను నించి ఉత్తరాలు వచ్చాయిట, "మాకు పగలైతే మీకు రాత్రి, చీకట్లో కూజా కనపడటం లేదు, కాస్త దీపం వేసి వుంచండి" అని. కేంబ్రిడ్జి చూడ్డానికి వచ్చిన యాత్రికులు కొందరు, కాఫీ కూజా వుండే చోటికి దారేదని టూరిస్టు ఆఫీసులో అడిగేవారట.

ప్రయోగశాల కొత్త భవనంలోకి మారేటప్పుడు, 2001 ఆగస్టు 22న ఆ కెమెరాని ఆపేశారు. పాడైపోయిన ఆ కాఫీ మెషీనుని ఇంటర్నెట్టులో వేలం వేస్తే, "ష్పీగెల్ ఆన్‌లైన్" అనే జర్మన్ పత్రికవాళ్ళు 3,350 పౌన్లు పెట్టి కొనుక్కున్నారు. తర్వాత అది జర్మనీలోనే పాడెర్‌బోర్న్ అనే వూళ్ళో వున్న కంప్యూటర్ మ్యూజియానికి చేరింది. ఇవాళ మనం వీధి గుమ్మానికి బిగించుకునే కెమెరాలకీ, మనవడి మొహం చూపించే వీడియో కాల్‌కీ ఆ కూజా మీది కెమెరా ఒకరకంగా పెద్దముత్తైదువ అన్నమాట.

ఇలాంటి సరదాలు ఇంకా వున్నాయి. 1990లో జాన్ రామ్‌కీ, సైమన్ హాకెట్ అనే యిద్దరు ఇంటర్నెట్టు ద్వారా బ్రెడ్డు కాల్చే టోస్టరు తయారుచేసి ఒక ప్రదర్శనలో పెట్టారు. కంప్యూటరులో ఆజ్ఞ యిస్తే టోస్టరు వెలిగేది, ఆరేది. ఎంతసేపు వెలిగితే అంత ఎర్రగా కాలేది. కాని బ్రెడ్డు ముక్క మాత్రం మనిషే వెయ్యాలి! ఆ లోటు కూడా వుండకూడదని మరుసటేడు ముక్కని ఎత్తి వేసే చిన్న క్రేనొకటి తగిలించారు.

1998 ఏప్రిల్ 1న, తారీఖు గమనించండి, లారీ మాసింటర్ అనే ఆయన ఇంటర్నెట్ నిబంధనల ధోరణిలో ఓ పత్రం విడుదల చేశాడు. ఇంటర్నెట్టు మీద కాఫీ కూజాలని అదుపు చెయ్యడానికి నియమావళి అది. ఆద్యంతం గంభీరంగా రాసిన ఏప్రిల్ ఫూల్. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు అంకెల్లో జవాబులు చెప్పుకుంటాయి. మీరు అడిగిన పేజీ లేకపోతే 404 అని వస్తుంది, మీరూ చూసే వుంటారు. మాసింటర్ దానికి 418 అని ఓ అంకె చేర్చాడు. టీ కూజాని పట్టుకుని కాఫీ కాచమంటే అది యిచ్చే జవాబు: "నేను టీ కూజాని" అని. హాస్యానికి రాసిన ఆ 418ని ప్రపంచంలో ఎందరో ప్రోగ్రాములు రాసేవాళ్ళు నిజంగానే తమ పనుల్లో పెట్టుకున్నారు. 2017లో దాన్ని తీసేద్దామని కొందరంటే, తియ్యడానికి వీల్లేదని మిగతావాళ్ళు పట్టుబట్టి నిలబెట్టారు. పెళ్ళివారింటి వేళాకోళం చివరికి ఆచారమైపోయినట్టు!

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, వీటన్నింటిలోనూ ఒక పోలిక వుంది. కోక్ మెషీనుకి తీగలు లాగింది ఆ కోక్ తాగేవాళ్ళే. కూజా మీద కెమెరా పెట్టింది ఆ కాఫీ తాగేవాళ్ళే. వాళ్ళ అవసరం, వాళ్ళ సరంజామా, వాళ్ళ అదుపు. ఆ కెమెరాలో కనపడేది కాఫీ తప్ప ఎవరి సంసారమూ కాదు. ఆ సరదా సరుకై అంగట్లోకి వచ్చేసరికి ఈ మూడూ మారిపోయాయి. ఎలా మారాయో చూడండి.

2000 సంవత్సరంలో ఎల్జీ కంపెనీ ఇంటర్నెట్ ఫ్రిజ్ ఒకటి విడుదల చేసింది. తలుపు మీద తెర, అందులో ఇంటర్నెట్టు. ఖరీదు ఇరవై వేల డాలర్ల పైమాటే. ఆ డబ్బుతో అక్కడ ఒక కారు కొనుక్కోవచ్చు. ఎవరూ పెద్దగా కొనలేదు. ఫ్రిజ్‌లో పాలున్నాయో లేదో తలుపు తీస్తే తెలుస్తుంది కదా!

అంతకంటే తమాషా అయినది జూసెరో కథ. అమెరికాలో 2016లో ఈ పళ్ళరసం మెషీను అమ్మకానికి వచ్చింది. ఖరీదు 699 డాలర్లు. తరువాత 399కి తగ్గించారు. పళ్ళూ, కూరగాయలూ తరిగి నింపిన సంచులు కంపెనీయే పంపుతుంది. ఒక్కో సంచీ అయిదు నించి ఎనిమిది డాలర్లు. సంచీని మెషీనులో పెడితే, మెషీను దాని మీది గుర్తుని చదివి, ఇంటర్నెట్టులో కంపెనీని అడిగి, గడువు దాటలేదని తేలితేనే పిండుతుంది. గడువు దాటితే పిండనే పిండదు. పెట్టుబడిదారులు ఈ కంపెనీలో దాదాపు 12 కోట్ల డాలర్లు పోశారు. 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ విలేకరులు ఆ సంచీని రెండు చేతులతో పట్టుకుని పిండి చూశారు. రసం వచ్చేసింది! మెషీనుకి పట్టినంతసేపు కూడా పట్టలేదు. సెప్టెంబరు వచ్చేసరికి కంపెనీ మూతపడింది. చింతపండు పులుసు పిసికే ఏ ఇల్లాలిని అడిగినా మొదటి రోజే చెప్పేది. అడిగేవాళ్ళేరీ?

ఇలాంటి వస్తువులని వేళాకోళం చెయ్యడానికే 2015లో ట్విట్టర్‌లో ఒక ఖాతా వెలిసింది. దాని పేరు నలుగురిలో చెప్పుకోదగింది కాదు గాని, ఎంతోమందిని నవ్వించింది.

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ స్మార్ట్ వస్తువు పనిచేసే తీరేమిటి?

మామూలు బల్బుకి స్విచ్చు నొక్కితే గోడలోని తీగ వెంట కరెంటు వెళ్ళి బల్బు వెలుగుతుంది. అంతే. స్మార్ట్ బల్బు విషయంలో మీరు ఫోనులో నొక్కిన ఆజ్ఞ ముందు యింట్లో వైఫై పెట్టెకి వెళుతుంది. అక్కణ్ణించి, చాలా వస్తువుల్లో, ఆ కంపెనీ తాలూకు కంప్యూటరుకి వెళుతుంది. అది ఏ ముంబైలోనో, సింగపూర్లోనో, అమెరికాలోనో వుంటుంది. "ఫలానా వారింట్లో ఫలానా బల్బు వెలిగించాలి" అని అక్కడ రాసుకుని, ఆ ఆజ్ఞ మళ్ళీ మీ యింటికి తిరిగి వస్తుంది. అప్పుడు నెత్తి మీది బల్బు వెలుగుతుంది. పక్కింటి పిన్నిగారిని పెరుగు తోడు అడగడానికి బొంబాయిలో వున్న అక్కయ్యకి ట్రంకాల్ చేసి, ఆవిడ చేత పిన్నిగారికి చెప్పించినట్టు! ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి మనకి తెలియదు. తెలియకపోయినా జరుగుతున్నది మాత్రం అదే.

ఈ ఒక్కటీ అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. బొంబాయి అక్కయ్య ఫోను తియ్యకపోతే? ఆవిడ యిల్లు మారిపోతే? మన మాటలన్నీ ఆవిడ ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే?

అక్కయ్య యిల్లు మారిపోవడం నిజంగా జరిగింది. అమెరికాలో రివాల్వ్ అనే చిన్న పెట్టె వుండేది. యింట్లో దీపాలు, తాళాలు, అలారాలు అన్నిటినీ ఒకచోట నించి నడిపే పెట్టె. దాదాపు 300 డాలర్లు. ఆ కంపెనీని 2014లో గూగుల్ కింద వున్న నెస్ట్ అనే సంస్థ కొనేసింది. 2016 మే 15న రివాల్వ్ తాలూకు కంప్యూటర్లు ఆపేశారు. దాంతో కొన్నవాళ్ళ యిళ్ళలో ఆ పెట్టెలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. పెట్టె చెడిపోలేదు, తీగ తెగలేదు. ఎక్కడో కంపెనీ వద్దనుకుంది, ఇక్కడ వస్తువు చచ్చిపోయింది. గొడవ చేసిన మీదట డబ్బు వాపసు యిస్తామన్నారనుకోండి. అయినా మన అమ్మమ్మగారి యిత్తడి బిందె, దాన్ని చేసిన కంచరి వెళ్ళిపోయాక కూడా నీళ్ళు మోస్తూనే వుంది. డబ్బు పోసి కొన్న వస్తువు మనదా, కంపెనీది మన యింట్లో అద్దెకుంటోందా అన్న సందేహం మనకి రావాలి.

ఇహ మాటలు రాసి పెట్టుకోవడం. పిలిస్తే పలికే స్పీకర్లు ఇప్పుడు చాలా యిళ్ళలో వున్నాయి. పేరు పెట్టి పిలిచేదాకా అవి ఆ ఒక్క పేరు కోసమే చెవి ఒగ్గి వుంటాయి. పేరు వినపడగానే ఆ తరవాతి మాటలని కంపెనీకి పంపుతాయి. ఒక్కోసారి పేరులాంటి మాట ఏది వినపడినా లేచి కూచుంటాయి. 2017 జనవరిలో వచ్చిన వార్త ప్రకారం, అమెరికాలో డల్లాస్ నగరంలో ఓ ఆరేళ్ళ పాప అలాంటి స్పీకరుతో కబుర్లు చెబుతూ బొమ్మరిల్లు కావాలని అడిగింది. నిజంగానే బొమ్మరిల్లూ, దానితోపాటు దాదాపు రెండు కేజీల బిస్కెట్లూ యింటికి వచ్చేశాయి! ఈ ముచ్చటని శాన్ డియేగోలో టీవీ వార్తల్లో చెబుతూ ఆ యాంకరు పాప అన్న మాటనే మళ్ళీ అన్నాడు. అంతే, టీవీ చూస్తున్నవాళ్ళ యిళ్ళలో స్పీకర్లు కొన్ని "మాకే చెప్పారు కాబోలు" అనుకుని ఆర్డరు పెట్టబోయాయి. నవ్వొస్తుంది గాని, 2019లో పత్రికలు ఇంకో సంగతి బయట పెట్టాయి. ఈ స్పీకర్లు పంపిన మాటల్లో కొన్నిటిని, మెషీనుకి నేర్పడం కోసమని, కంపెనీ తరఫున మనుషులే కూచుని వింటున్నారని. వంటింట్లో మనం మాట్లాడుకునేవి ఎవరి చెవిన పడాలో నిర్ణయించుకునే హక్కు మనకుండాలా, వద్దా?

జర్మనీ ప్రభుత్వం ఈ విషయంలో గట్టిగానే వుంది. "మై ఫ్రెండ్ కేలా" అని మాట్లాడే బొమ్మ ఒకటి పిల్లల కోసం అమ్మేవారు. లోపల మైకు వుండేది. దగ్గర్లో వున్న ఎవరైనా తమ ఫోనుని దానికి కలిపి, పిల్లల మాటలు వినడానికీ, పిల్లలతో మాట్లాడడానికీ వీలుండేది. 2017 ఫిబ్రవరిలో అక్కడి అధికారులు దాన్ని రహస్యంగా గూఢచర్యం చేసే పరికరం కింద జమకట్టి, అమ్మకం నిషేధించి, కొన్నవాళ్ళని బొమ్మని పనిచెయ్యకుండా చెయ్యమన్నారు.

కెమెరాల సంగతి మరీ ముఖ్యం. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా తిరిగింది. అది చేసిన పని చాలా చిన్నది. ఇంటర్నెట్టుకి కలిసి వున్న కెమెరాలు, వైఫై పెట్టెలు వెతికి పట్టుకునేది. కంపెనీ మొదట పెట్టి పంపే పాస్‌వర్డులు ఓ అరవై దాకా తన జాబితాలో పెట్టుకుని, ఒక్కొక్కటే ప్రయత్నించేది. కొత్త తాళంతో వచ్చిన తాళంచెవి మార్చని యిల్లు దొరకబుచ్చుకున్నట్టు, పాస్‌వర్డు మార్చని కెమెరాలు లక్షలుగా దొరికాయి. వాటన్నిటినీ కూడగట్టి 2016 అక్టోబరు 21న అమెరికాలో డైన్ అనే కంపెనీ మీదికి ఉసిగొల్పారు. ఆ పూట కొన్ని గంటలపాటు ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి అందలేదు. ఆ కెమెరాల సొంతదార్లకి, తమ గుమ్మం మీది వస్తువు దొంగలతో చేతులు కలిపిందన్న సంగతే తెలియదు.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త శ్రద్ధగా వినండి. దీన్ని కొట్టులో కుర్రాడు ఎన్నటికీ చెప్పడు.

స్మార్ట్ వస్తువుకి యజమాని దాన్ని వాడేవాళ్ళు కారు. ఎవరి ఫోనులో దాని యాప్ వుందో వాళ్ళు. మన యిళ్ళలో ఆ యాప్ ఎవరి ఫోనులో వుంటుంది? ఎక్కువగా మగవాళ్ళ ఫోనులోనో, పెద్దబ్బాయి ఫోనులోనో. "నీకెందుకులే అమ్మా, నేను పెడతాను" అని వాడే పెట్టేస్తాడు. మంచికే చేస్తాడు, కాదనను. కాని ఆ తరవాత గీజరు వెయ్యాలన్నా, ఏసీ తగ్గించాలన్నా ఇంకొకళ్ళని అడగాల్సి వస్తుంది. నిన్నటిదాకా చెయ్యి చాపితే అందిన స్విచ్చు యివాళ ఇంకొకరి జేబులోకి వెళ్ళిపోయింది.

ఇది ఎంతదాకా పోతుందో కూడా తెలిసింది. 2018 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక వార్త ప్రచురించింది. అమెరికాలో గృహహింసకి గురైన ఆడవాళ్ళకి సాయపడే సంస్థలకి కొత్తరకం ఫిర్యాదులు వస్తున్నాయని. ఎవరూ ముట్టుకోకుండానే ఏసీ ఆగిపోతుంది, పాటలు ఉన్నట్టుండి మోగుతాయి, తలుపు తాళం అంకె మారిపోతుంది, కాలింగ్ బెల్లు వూరికే మోగుతుంది. వేరే చోట వున్న భర్తో, స్నేహితుడో ఫోను చేతిలో పట్టుకుని ఇవన్నీ చేస్తున్నాడు. చెబితే నమ్మేవాళ్ళుండరు. ఆ యిల్లాలికి తనకే మతి చెడిందేమో అనిపిస్తుంది. వాళ్ళలో చాలామందికి ఆ వస్తువులు పనిచేసే తీరు తెలియదు. యింట్లో పెట్టినవాడికి మాత్రం తెలుసు. ఆడవాళ్ళం ఈ సంగతులు తెలుసుకోవాలనడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనపడదు.

అందుకని ఇవన్నీ అనర్థదాయకాలనీ, గడప తొక్కనివ్వకూడదనీ నేననడం లేదు సుమండీ. కళ్ళు కనపడనివారికి, మోకాళ్ళ నొప్పితో మంచం దిగలేనివారికి నోటిమాటతో దీపం వెలిగించే పరికరం గొప్ప వరం. చెవులు వినపడనివారికి గుమ్మంలో ఎవరో వచ్చారని ఫోనులో చూపించే బెల్లు ఎంతో సాయం. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో వుండి, పెద్దవాళ్ళిద్దరే హైదరాబాదులోనో, విజయవాడలోనో వుండే యిళ్ళు మనలో ఎన్ని లేవు! హాల్లో కెమెరా పెట్టించి, రోజుకోసారి అమ్మానాన్నా తిరుగుతుంటే చూసుకుని గుండె నిబ్బరం చేసుకునే పిల్లలున్నారు. తప్పు లేదు. కాని ఆ కెమెరా ఎక్కడుండాలి, ఏ వేళల్లో పనిచెయ్యాలి అన్నది ఆ పెద్దవాళ్ళని అడిగి పెట్టాలి. ఎనభై ఏళ్ళు వచ్చినా మనిషికి మరుగు మరుగే. పడగ్గదిలోనూ, పూజ గదిలోనూ వద్దంటే వద్దనే. పనిమనిషి తిరిగే చోట పెడితే ఆవిడకీ ఓ మాట చెప్పడం మర్యాద. కేంబ్రిడ్జిలో కెమెరా వుందని కాఫీ తాగే ప్రతివాళ్ళకీ తెలుసు కదా!

సరే, మరి కొనేటప్పుడు ఏం చూడాలి? ఈ అయిదూ గుర్తు పెట్టుకోండి.

మొదటిది: "ఇంటర్నెట్ పోతే యిది పనిచేస్తుందా?" అని అడగండి. కరెంటు పోతే వైఫై పెట్టె కూడా ఆగిపోతుంది, దానికి ఇన్వర్టరు లేకపోతే. గీజరుకీ, ఫానుకీ, ముఖ్యంగా తలుపు తాళానికీ చేత్తో నడిపే ఏర్పాటు తప్పక వుండాలి. వంద మాటలెందుకు, ఫోను పక్కన పెట్టి వస్తువుని నడిపి చూపించమనండి. ఈ మధ్య, 2022 నించి, "మ్యాటర్" అనే గుర్తుతో కొన్ని వస్తువులు వస్తున్నాయి. వేరు వేరు కంపెనీల వస్తువులు కలిసి పనిచెయ్యడానికీ, ఆజ్ఞలు యింటి లోపలే తిరగడానికీ వీలుండేటట్టు చేసిన పద్ధతి అది. వుంటే మంచిదే.

రెండోది: "స్మార్ట్" అన్న మాటకీ, కరెంటు పొదుపుకీ సంబంధం లేదు. ఫ్రిజ్ అయినా, ఏసీ అయినా బిల్లు ఎంతొస్తుందో చెప్పేది దాని మీద అతికించిన స్టార్ లేబుల్. అందులో సంవత్సరానికి ఎన్ని యూనిట్లో అంకె వేసి వుంటుంది. రెండు వస్తువులని పోల్చేటప్పుడు ఆ అంకెని పోల్చండి, తెర మీది రంగుల బొమ్మల్ని కాదు.

మూడోది: యింటికి తెచ్చిన రోజే పాస్‌వర్డు మార్చండి. వైఫై పెట్టెకీ, కెమెరాకీ మరీ ముఖ్యం. పిల్లల పేరూ, పుట్టినరోజూ వద్దు. నాలుగు సంబంధం లేని తెలుగు మాటలని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే మీకు గుర్తుంటుంది, దొంగకి అందదు. కొత్త మార్పులు వచ్చాయి, అప్‌డేట్ చెయ్యమని యాప్ అడిగితే నిర్లక్ష్యం చెయ్యకండి. కన్నాలు పూడ్చేది ఆ మార్పులతోనే.

నాలుగోది: యాప్ మీ ఫోనులోనూ వుండాలి. దాన్ని ఇంకెవరెవరు నడపగలరో చూపించే జాబితా అందులోనే వుంటుంది. అది ఎక్కడుందో పిల్లల చేత చూపించుకుని, మీరే ఒకసారి తీసి చూడండి. యింటి పని మానేసినవాళ్ళ పేరో, అద్దెకుండి వెళ్ళినవాళ్ళ పేరో వుంటే తీసేయండి. పాత వస్తువు అమ్మేముందు కంపెనీ నించి వచ్చినప్పటి స్థితికి తీసుకొచ్చే మీట నొక్కకుండా గడప దాటించకండి.

అయిదోది: బిల్లు, వారంటీ కాగితం జాగ్రత్త చేయండి. యాప్ పనిచెయ్యడం ఆగిపోతే అది కూడా వస్తువులో లోపమే, మన తలరాత కాదు. కొట్టువాడు, కంపెనీవాడు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నెంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ అయిదింటికీ ముందు మనలో మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ వస్తువు నాకేదైనా పని తగ్గిస్తుందా, లేక సంచీని చేత్తో పిండుకోగలిగిన దాన్ని మెషీనుని అడుక్కునేటట్టు చేస్తుందా? తగ్గిస్తుందంటే నిశ్చింతగా కొనుక్కోండి, ముచ్చటగా వాడుకోండి. లేదంటే ఆ కుర్రాడికి చిరునవ్వుతో చెప్పండి, "మాకు మామూలుదే చాలు నాయనా, తెలివి మా దగ్గరుంది" అని.